మిషన్ స్టేట్‌మెంట్‌కీ రీసెర్చ్ పనితీరుకీ లింకు ఉందా? మీ సంస్థలోనే తేల్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

ఏ సంస్థ వెబ్‌సైట్ తెరిచినా "ఇన్నోవేషన్‌తో ప్రపంచాన్ని మెరుగుపరచడమే మా ధ్యేయం" లాంటి వాక్యం ఒకటి కనపడుతుంది. మేనేజ్‌మెంట్ వాళ్లు దాన్ని దేవుడి పటంలా చూసుకుంటారు, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు చూసి నవ్వుకుంటారు, ఇద్దరిలో ఎవరూ మాత్రం అది నిజంగా ఏమన్నా పనిచేస్తోందా అని చెక్ చేసి ఉండరు. చెక్ చేసే పద్ధతి ఉంది, ఒక మనిషి ఓపిగ్గా కూర్చుంటే చేసెయ్యొచ్చు, పెద్ద సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. ఆర్ అండ్ డీ స్ట్రాటజీ చూసేవాళ్లకి, యూనివర్సిటీ రీసెర్చ్ ఆఫీసుల్లో ఉండేవాళ్లకి, ఈ టాపిక్ మీద థీసిస్ పెట్టుకున్న ఎంబీఏ, పీహెచ్‌డీ వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

నేను ఏ పక్షమో ముందే చెప్పేస్తా. ఆ వాక్యం దానంతటదే ఒక్క పేటెంట్ కూడా తేలేదు, పనిచేస్తే గిస్తే నిర్ణయాల ద్వారానే పనిచెయ్యాలి, అంటే డబ్బు ఎటు పోయింది, ఏ ప్రాజెక్ట్ ఆపారు, ఎవరికి ప్రమోషన్ ఇచ్చారు అనేవాటి ద్వారా. అందుకని మాటల్ని ఒకపక్క, ఫలితాల్ని ఇంకోపక్క పెట్టి గీత గీసేస్తే కుదరదు, మధ్యలో ఉన్నదాన్ని కూడా కొలవాలి. చాలామంది వదిలేసేది ఈ మధ్య భాగమే, అసలు కష్టమంతా ఉండేదీ అక్కడే.

1. ముందు ప్రశ్న ఏంటో తేల్చుకోండి

రెండు రకాల ప్రశ్నలుంటాయి, జనం వీటిని కలిపేస్తుంటారు. ఒకటి, చాలా సంస్థల్ని పక్కపక్కన పెట్టి "ఇలాంటి మిషన్ ఉన్నవాళ్ల ఇన్నోవేషన్ బావుంటోందా" అని అడగటం. రెండోది, ఒకే సంస్థలో "మన మిషన్ మారాక, లేదా దాన్ని సీరియస్‌గా తీసుకున్నాక, రీసెర్చ్‌లో ఏం మారింది" అని అడగటం. మొదటిదానికి కనీసం కొన్ని పదుల సంస్థల డేటా కావాలి. రెండోదానికి ఒకే సంస్థ చాలు గానీ ఏళ్ల తరబడి రికార్డులు కావాలి, లోపలి కాగితాలు చూడనివ్వాలి. థీసిస్ వాళ్లకి సాధారణంగా మొదటిది, ఉద్యోగంలో ఉన్నవాళ్లకి రెండోది కుదురుతుంది. ఏది ఎంచుకున్నారో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి, లేకపోతే సగం దారిలో ఒకదాని డేటాతో ఇంకోదానికి జవాబు చెప్పేస్తారు.

2. స్టేట్‌మెంట్లు పోగెయ్యండి, తేదీలతో సహా

మిషన్, విజన్, వాల్యూస్ అని మూడు ముక్కలుంటాయి. మిషన్ అంటే ఇప్పుడు మనం ఎవరి కోసం ఏం చేస్తున్నాం, విజన్ అంటే ముందు ముందు ఎక్కడికి చేరాలి, వాల్యూస్ అంటే ఎలా నడుచుకుంటాం. నిజ జీవితంలో సంస్థలు ఇంత శుభ్రంగా విడదీసి రాయవు, మిషన్ అని పెట్టి విజన్ రాస్తారు, "పర్పస్" అని ఇంకోటి తగిలిస్తారు. హెడ్డింగ్ చూసి మోసపోకుండా లోపల ఏముందో చూసి మీరే సర్దుకోండి, కానీ ఆ సర్దే రూలు అన్ని సంస్థలకీ ఒకేలా ఉండాలి.

ఇవాళ్టి వెర్షన్ ఒక్కటే సరిపోదు. పోయినేడాది రాసిన మిషన్‌ని ఐదేళ్ల కిందటి పేటెంట్లతో పోల్చే పేపర్లు కూడా తిరుగుతుంటాయి, అలాంటివి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. పాత యాన్యువల్ రిపోర్టులు తియ్యండి, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో 1996 నుంచి సేవ్ చేసిన వెబ్ పేజీలు దొరుకుతాయి కాబట్టి అందులో ఆ సంస్థ "మా గురించి" పేజీ ఏడాదికొకటి చొప్పున లాగండి. ఏ మాట ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది అనేది ఒక టేబుల్‌లో పెట్టుకోండి.

ఈ పని ఎందుకంత ముఖ్యమో నాసా కథ చూస్తే తెలుస్తుంది. 2002లో పెట్టుకున్న మిషన్‌లో "మన సొంత గ్రహాన్ని అర్థం చేసుకోవడం, కాపాడుకోవడం" అనే అర్థం వచ్చే ముక్క ఉండేది, 2006 ఫిబ్రవరిలో పెద్ద చర్చేమీ లేకుండా దాన్ని తీసేశారు. కొన్ని నెలలకి విషయం బయటపడ్డాక అక్కడి సైంటిస్టులు కొందరు గట్టిగానే అడ్డం తిరిగారు, ఆ ముక్క అలంకారానికి పెట్టింది కాదు, భూమికి సంబంధించిన రీసెర్చ్ ప్రపోజల్స్ రాసేటప్పుడు, ఇది సంస్థ పనే అని వాదించేటప్పుడు దాన్నే చూపించేవాళ్లం అని వాళ్ల మాట. అంటే ఒక వాక్యం, ఒక ప్రపోజల్‌కి లైసెన్సులా పనికొచ్చింది. నాకు తెలిసినంతలో మిషన్‌కీ రీసెర్చ్‌కీ ఉన్న లింకుని ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణలు తక్కువ. వాళ్ల ఇవాళ్టి వెర్షన్ ఒక్కటే చూసినవాడికి ఇదంతా కనపడదు.

3. వాక్యాన్ని ముక్కలు చేసి కోడ్ చెయ్యండి

కోడ్ చెయ్యడం అంటే వాక్యంలో ఏ అంశం ఉందో, ఏది లేదో ఒకే రూలు ప్రకారం మార్క్ చేసుకోవడం, ఇక్కడ మొదటి నుంచి కనిపెట్టక్కర్లేదు. 1987లో పియర్స్, డేవిడ్ అనే ఇద్దరు ఫార్చ్యూన్ 500 (అమెరికా పెద్ద కంపెనీల జాబితా) కంపెనీల స్టేట్‌మెంట్లు తెప్పించుకుని ఎనిమిది అంశాలుగా విడగొట్టారు. కస్టమర్లు ఎవరు, ప్రొడక్ట్ లేదా సర్వీస్ ఏంటి, ఏ ప్రాంతంలో, ఏ టెక్నాలజీతో, మనుగడ-ఎదుగుదల-లాభం గురించి ఏమంటున్నారు, కంపెనీ ఫిలాసఫీ ఏంటి, మనల్ని మనం ఏమనుకుంటున్నాం, జనం మనల్ని ఎలా చూడాలి. తర్వాత ఉద్యోగులు అనే తొమ్మిదోది కూడా చేర్చి వాడుతున్నారు. బాగా నడుస్తున్న కంపెనీల స్టేట్‌మెంట్లలో ఫిలాసఫీ, స్వీయ గుర్తింపు, పబ్లిక్ ఇమేజ్ అనే మూడు అంశాలు ఎక్కువగా కనిపించాయని వాళ్లు తేల్చారు. టెక్నాలజీ అనే అంశం ఆ తేడా చూపించిన వాటిలో లేదన్నది గమనించండి, మన టాపిక్‌కి అది ఆసక్తికరమైన విషయమే.

రీసెర్చ్ పనితీరు చూస్తున్నాం కాబట్టి ఈ ఎనిమిదికి ఇంకో నాలుగు నేను చేరుస్తా. కొత్త జ్ఞానం పుట్టించడం గురించి మాట ఉందా. ఫలానా సమస్య అని పేరు పెట్టి చెప్పారా, లేక ఊరికే "శ్రేష్ఠత" అన్నారా. రిస్కు గురించి, ఫెయిల్ అవ్వడం గురించి ఏమన్నా ఉందా. ఏది చెయ్యం అని చెప్పారా. ఈ చివరిది చాలా అరుదుగా దొరుకుతుంది, దొరికితే మాత్రం బంగారమే.

ఒక చిన్న నమూనా చేసి చూద్దాం. నేనే కల్పించిన వాక్యం ఇది: "అరుదైన జన్యు వ్యాధులున్న పిల్లలకి, ఇప్పటిదాకా మందు లేని చోట, జీన్ థెరపీ ద్వారా చికిత్స కనిపెట్టడం." కస్టమర్లు, ఉంది, అరుదైన వ్యాధులున్న పిల్లలు. టెక్నాలజీ, ఉంది, జీన్ థెరపీ. ప్రాంతం లేదు. లాభం ఊసు లేదు. పేరు పెట్టి సమస్య చెప్పారా, చెప్పారు. ఏది చెయ్యం అనేది నేరుగా లేదు గానీ "ఇప్పటిదాకా మందు లేని చోట" అనడంలో ఆల్రెడీ మందున్న జబ్బుల జోలికి పోం అనే అర్థం ఉంది, దీన్ని "సగం" అని మార్క్ చెయ్యాలా "ఉంది" అని చెయ్యాలా అనేది మీ కోడ్‌బుక్‌లో, అంటే ఈ రూల్స్ రాసిపెట్టుకునే కాగితంలో, ముందే రాసుకోవాలి. ఇప్పుడు దీని పక్కన "వినూత్న పరిష్కారాలతో వాటాదారులందరికీ విలువ సృష్టించడం" పెట్టి చూడండి. ఇన్నోవేషన్ అనే మాట ఉన్నది రెండోదాంట్లోనే, మొదటిదాంట్లో ఆ పదమే లేదు. మాటలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే రెండోదానికే ఎక్కువ మార్కులు వేస్తుంది, కానీ రేపు పొద్దున్న ఏ ప్రయోగం మొదలెట్టాలో చెప్పేది మొదటిదే. అందుకే పదాల లెక్క మీదే ఆధారపడ్డ స్టడీలంటే నాకు కాస్త అనుమానం.

కోడింగ్ ఒక్కరే చెయ్యొద్దు. ఇద్దరు విడివిడిగా చెయ్యండి, ఒకళ్లది ఒకళ్లు చూడకుండా. తర్వాత కోహెన్ కప్పా అని ఒక లెక్క ఉంటుంది, ఇద్దరి మధ్య అంగీకారం యాదృచ్ఛికంగా వచ్చేదానికన్నా ఎంత ఎక్కువో చెప్తుంది, 0.61 దాటితే గట్టి అంగీకారమే అని 1977లో ల్యాండిస్, కోక్ ఇచ్చిన కొలబద్దని అందరూ వాడతారు. అంతకన్నా తక్కువొస్తే కోడర్లని తిట్టకండి, రూలు సరిగ్గా రాయలేదని అర్థం, కొట్లాట వచ్చిన వాక్యాలు ముందేసుకుని కూర్చుని రూలు మార్చండి.

4. ఇన్నోవేషన్ పనితీరు అంటే ఏది లెక్కేస్తారు

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, పేటెంట్లు లెక్కపెట్టడం ఈజీ కాబట్టి పేటెంట్లే పనితీరు అనేసుకుంటారు. మూడు పొరలుగా చూడండి. పెట్టేది (ఆర్ అండ్ డీ ఖర్చు, మనుషులు), మధ్యలో వచ్చేది (పేటెంట్లు, పేపర్లు, ప్రోటోటైపులు), చివరికి బయట కనపడేది (కొత్త ప్రొడక్టుల అమ్మకం, లైసెన్సుల ఆదాయం, జనం నిజంగా వాడటం). మొదటిదానికి ఓఈసీడీ అనే దేశాల కూటమి తెచ్చిన ఫ్రస్కాటి మాన్యువల్ ఉంది, 1963 నుంచి ఉంది, ఏది ఆర్ అండ్ డీ కిందకి వస్తుంది ఏది రాదు అని అందులో వివరంగా ఉంటుంది. మూడోదానికి ఇన్నోవేషన్‌ని కొలిచే గైడ్ ఓస్లో మాన్యువల్, దాని నాలుగో ఎడిషన్ 2018లో వచ్చింది, అందులో ఇన్నోవేషన్ అనిపించుకోవాలంటే కొత్త ఆలోచన ఉంటే చాలదు, అది వాడకంలోకి రావాలి లేదా యూజర్లకి అందుబాటులోకి రావాలి. ఈ రెండు డెఫినిషన్లూ ప్రింట్ తీసి గోడకి అంటించుకున్నా తప్పులేదు.

పొరల మధ్య తేడా ఎంత ఘోరంగా ఉండొచ్చో కొడాక్‌ని చూస్తే చాలు. 1975లో డిజిటల్ కెమెరా చేసింది ఆ కంపెనీ ఇంజినీర్ స్టీవ్ ససానే. 2012లో కంపెనీ దివాలా పిటిషన్ వేశాక వాళ్ల డిజిటల్ ఇమేజింగ్ పేటెంట్లు దాదాపు 52 కోట్ల డాలర్లకి అమ్ముడుపోయాయి. రెండో పొర కొలిస్తే సూపర్, మూడో పొర కొలిస్తే సున్నా కన్నా కింద. జిరాక్స్ కంపెనీ రీసెర్చ్ ల్యాబ్ పార్క్ (PARC) కూడా దాదాపు అదే కథ, 1970లో పెట్టిన ఆ ల్యాబ్ నుంచి 1973కల్లా ఆల్టో అనే పర్సనల్ కంప్యూటర్, కంప్యూటర్లని ఒకదానికొకటి కలిపే ఈథర్‌నెట్ వచ్చాయి, అయితే పర్సనల్ కంప్యూటర్ల మీద డబ్బు చేసుకుంది వేరేవాళ్లు, జిరాక్స్‌కి గట్టిగా కలిసొచ్చింది లేజర్ ప్రింటర్. ఎందుకూ అంటే కాపీయర్లు అమ్ముకునే కంపెనీకి ప్రింటర్ అనేది తన పనిలానే కనపడింది, కంప్యూటర్ కనపడలేదు. మిషన్ అంటే గోడ మీద రాసింది ఒక్కటే కాదు, "మనం ఏ కంపెనీ" అని లోపల అందరి బుర్రలో ఉన్న బొమ్మ కూడా అదే, పియర్స్, డేవిడ్ చెప్పిన స్వీయ గుర్తింపు ఇదే.

ఇంకో రెండు ప్రాక్టికల్ సంగతులు. పేటెంట్ అప్లికేషన్లు మామూలుగా మొదటి ఫైలింగ్ నుంచి 18 నెలలకి గానీ బయటికి రావు, కాబట్టి చివరి రెండేళ్ల అంకెలు ఎప్పుడూ తక్కువగానే కనపడతాయి, అది చూసి పనితీరు పడిపోయిందని కంగారుపడకండి. రెండోది, యూనివర్సిటీలూ ల్యాబులూ అయితే జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని (ఆ జర్నల్ పేపర్లని సగటున ఎంతమంది ఉదహరించారనే అంకెని) పట్టుకుని మనుషుల్ని కొలవకండి, 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తయారైన, రీసెర్చ్‌ని ఎలా అంచనా వెయ్యాలో చెప్పే డోరా ప్రకటన చెప్పింది ఇదే. పైగా ఏ కొలతనైనా టార్గెట్ చేసేస్తే జనం ఆ కొలతకే ఆడతారు, గుడ్‌హార్ట్ సూత్రం అని ఊరికే అనలేదు. కనీసం పొరకొకటి చొప్పున మూడు కొలతలు పెట్టుకుంటే మోసం కాస్త తగ్గుతుంది.

5. మధ్య లింకు: ప్రాజెక్టుల షీట్

ఇదే గైడ్‌కి ప్రాణం, దీని మీద ఎక్కువ టైం పెట్టండి.

క్రిస్టఫర్ బార్ట్ అనే ప్రొఫెసర్ ఈ టాపిక్ మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. 1998లో బేట్జ్‌తో కలిసి 136 పెద్ద కెనడా సంస్థల్ని చూస్తే, మిషన్ స్టేట్‌మెంట్లకున్న లక్షణాలన్నీ కాకుండా కొన్ని మాత్రమే మెరుగైన పనితీరుతో కలిసి కనపడ్డాయి. 2001లో బాంటిస్, టగ్గర్‌లతో కలిసి 83 పెద్ద సంస్థల మీద చేసిన స్టడీలో విషయం ఇంకా తేటపడింది. మిషన్ మీద మనుషులకున్న నిబద్ధత, సంస్థ లోపలి రూల్స్, స్ట్రక్చర్, పద్ధతులు ఆ మిషన్‌కి ఎంత అనుగుణంగా ఉన్నాయి అనే రెండూ ఉద్యోగుల ప్రవర్తనతో ముడిపడి ఉన్నాయి, ఆ ప్రవర్తన ద్వారానే డబ్బు లెక్కల దాకా వెళ్లింది. ఇవి డబ్బు లెక్కల గురించి చేసినవి, రీసెర్చ్ గురించి కాదు, అయినా దారి మాత్రం అదే.

సరే, మీ సంస్థలో ఎలా చూడాలి? ఒక షీట్ తెరవండి. గత మూడు నాలుగేళ్లలో మొదలెట్టిన ప్రతి రీసెర్చ్ ప్రాజెక్ట్ ఒక వరస. మొదలెట్టనివి, అంటే ప్రపోజల్ దశలోనే తిరగ్గొట్టినవి కూడా వెయ్యాలి, మధ్యలో ఆపేసినవి కూడా. కాలమ్స్ ఇవి: పేరు, మొదలైన తేదీ, బడ్జెట్, ఇప్పటి స్థితి, మిషన్‌లోని ఏ ముక్కకి సంబంధించింది (ఏదీ లేకపోతే "లేదు" అని నిజాయితీగా రాయండి), మొదలెట్టేటప్పుడు కాగితం మీద రాసిన కారణం, ఆపినప్పుడు రాసిన కారణం. మిషన్‌తో జత కలిపే పని ఆ ప్రాజెక్ట్ నడిపే మనిషి చేత చేయించకండి, ఎవర్నడిగినా నాదే సంస్థ ఆశయానికి గుండెకాయ అనే చెప్తారు.

షీట్ నిండాక మూడు చోట్ల చూడండి. బడ్జెట్‌లో ఎంత శాతం "లేదు" అని రాసిన వరసలకి పోయింది. తిరగ్గొట్టిన ప్రపోజల్స్‌లో మిషన్‌కి దగ్గరగా ఉన్నవి ఎన్ని, వాటిని ఏ కారణం చెప్పి తిరగ్గొట్టారు. ఆపేసిన ప్రాజెక్టుల కారణాల్లో "ఇది మన పని కాదు" అనే మాట ఒక్కసారైనా ఉందా, లేక అన్నిటికీ బడ్జెట్ లేదు, మనిషి మానేశాడు, కస్టమర్ వద్దన్నాడు అనేవేనా. ఈ మూడోది నాకు చాలా ఇష్టమైన టెస్టు. మిషన్ వల్ల ఎవ్వరికీ ఎప్పుడూ "నో" పడకపోతే ఆ మిషన్ ఎవ్వరి నిర్ణయంలోనూ లేదన్నట్టే.

"నో" చెప్పే మిషన్ ఎలా ఉంటుందో చూడాలంటే విక్రమ్ సారాభాయ్ మాటలు గుర్తు చేసుకోవాలి. చంద్రుడి మీదికో గ్రహాల మీదికో వెళ్లడంలో, మనుషుల్ని అంతరిక్షంలోకి పంపడంలో డబ్బున్న దేశాలతో పోటీపడాలనే భ్రమ మాకు లేదు, కానీ అధునాతన టెక్నాలజీని మనిషి, సమాజం అసలు సమస్యలకి వాడటంలో మాత్రం ఎవరికీ తీసిపోకూడదు అనేది ఆయన మాట సారాంశం. ఒక్క మాటలోనే ఏది చెయ్యం, ఏది చేస్తాం రెండూ ఉన్నాయి. 1975-76లో అమెరికా ఉపగ్రహాన్ని వాడుకుని 2,400 పల్లెల్లో టీవీ పాఠాలు చూపించిన సైట్ (SITE) అనే ప్రయోగం అచ్చం ఆ మాటలోంచి పుట్టినట్టే ఉంటుంది. తర్వాత 2008లో చంద్రయాన్-1 వెళ్లింది, అంటే హద్దు జరిగింది. జరగడం తప్పేం కాదు, ఎప్పుడు జరిగిందో, ఎవరు జరిపారో, దాంతో పాటు డబ్బు, మనుషులు ఎటు జరిగారో మీ షీట్‌లో కనపడాలి, అంతే.

షీట్‌తో పాటు లోపలి సిస్టమ్స్ కూడా ఒకసారి చూడండి. ప్రమోషన్ ఫారంలో ఏం అడుగుతున్నారు, ఫెయిలైన ప్రాజెక్ట్ లీడర్‌కి తర్వాత ఏమైంది, కొత్త ఐడియా మీద పర్మిషన్ లేకుండా ఎంత టైం పెట్టొచ్చు. డార్పాని తీసుకోండి, రష్యా వాళ్ల మొదటి ఉపగ్రహం స్పుత్నిక్ ఇచ్చిన షాక్ తర్వాత 1958లో పెట్టిన అమెరికా రక్షణ శాఖ రీసెర్చ్ సంస్థ అది, జాతీయ భద్రత కోసం సంచలన టెక్నాలజీల మీద పెట్టుబడి అనేది దాని మిషన్, దానికి తగ్గట్టే ప్రోగ్రామ్ మేనేజర్లని మామూలుగా మూడు నుంచి ఐదేళ్లకే తీసుకుంటారు. కుర్చీ పట్టుకుని కూర్చునే టైం ఇవ్వరు కాబట్టి వచ్చినవాడు పెద్ద పందెమే కాస్తాడు. మిషన్ వాక్యం, ఉద్యోగం కాలపరిమితి రెండూ ఒకే దిక్కుకి లాగుతున్నాయి. 3ఎం అనే అమెరికా తయారీ కంపెనీలో కూడా అంతే, టైంలో 15 శాతం సొంత ఆలోచనలకి వాడుకోవచ్చనే రూలు 1948 నుంచి ఉంది. 2000 చివర్లో కొత్త సీఈవో వచ్చి సిక్స్ సిగ్మాని (ప్రతి అడుగునీ కొలిచి తప్పులు తగ్గించే ఫ్యాక్టరీ పద్ధతిని) ల్యాబ్‌లోకి కూడా తెచ్చాక, గత ఐదేళ్ల ప్రొడక్టుల నుంచి వచ్చే ఆదాయం మూడో వంతు నుంచి నాలుగో వంతుకి జారిందని అప్పట్లో బిజినెస్ పత్రికలు రాశాయి, ఆయన తర్వాత వచ్చినాయన ల్యాబ్ మీద ఆ పట్టు సడలించాడు. ల్యాబ్‌లో రోజూ పని జరిగే తీరు మారితే ఫలితం మారుతుందనడానికి ఇదొక సాక్ష్యం, ఒక్క కంపెనీ కథే కాబట్టి పూర్తి రుజువు అనను.

6. మనుషులతో మాట్లాడండి, కానీ మిషన్ గురించి అడగకండి

"మన మిషన్ మీకు స్ఫూర్తినిస్తుందా, 1 నుంచి 5లో చెప్పండి" అని సర్వే పెడితే అందరూ 4 కొడతారు, ఆ 4తో ఏం చేసుకుంటాం. దాని బదులు "మీరు ఈమధ్య వద్దనుకున్న ఐడియా ఒకటి చెప్పండి, ఎందుకు వద్దనుకున్నారు" అని అడగండి. "మీ టీమ్‌కి రేపు డబ్బు రెట్టింపైతే ముందు ఏం చేస్తారు, సగమైతే ముందు ఏది ఆపుతారు" అని అడగండి. జవాబుల్లో మిషన్ వాసన ఎంతుందో మీరు తర్వాత తీరిగ్గా కోడ్ చేసుకోవచ్చు. డైరెక్టర్, టీమ్ లీడర్, కొత్తగా చేరిన రీసెర్చర్ ముగ్గుర్నీ విడివిడిగా అడగండి, వేర్వేరు సంస్థల్లో పనిచేస్తున్నవాళ్లలా జవాబులొస్తే లింకు ఏ మెట్టు దగ్గర తెగిందో అక్కడే తెలిసిపోతుంది.

7. లెక్క కట్టడం

చాలా సంస్థల స్టడీ అయితే కంట్రోల్స్ లేకుండా, అంటే ఫలితాన్ని మార్చే మిగతా తేడాల్ని లెక్కలోంచి తియ్యకుండా ముట్టుకోకండి. మందుల కంపెనీకి, సిమెంట్ కంపెనీకి ఆర్ అండ్ డీ ఖర్చు ఎక్కడా పోలికే ఉండదు, మిషన్లో "పరిశోధన" అనే మాట కూడా మందుల కంపెనీకే ఎక్కువ ఉంటుంది, ఈ రెండూ కలిసి మీకు అద్భుతమైన కోరిలేషన్ ఇచ్చేస్తాయి, అది ఇండస్ట్రీ తేడా తప్ప ఇంకేం కాదు. కాబట్టి రంగం, సైజు, వయసు, ముందు నుంచీ ఉన్న ఆర్ అండ్ డీ ఖర్చు కంట్రోల్ చెయ్యండి, కుదిరితే ఒకే రంగం లోపలే పోల్చండి. యూనివర్సిటీల్లోనూ అంతే, 2006లో మార్ఫ్యూ, హార్ట్లీ 300కి పైగా అమెరికన్ కాలేజీల స్టేట్‌మెంట్లు చదివితే ప్రభుత్వ సంస్థలూ ప్రైవేటు సంస్థలూ ఒత్తి చెప్పే విషయాలే వేరుగా వచ్చాయి, ఆ తేడాని రీసెర్చ్ పనితీరుకి అంటగట్టకూడదు.

టైం గ్యాప్ ఇవ్వండి. ఈ ఏడాది మిషన్ ప్రభావం ఈ ఏడాది పేటెంట్లలో కనపడదు, రంగాన్ని బట్టి రెండు నుంచి ఐదేళ్లు, మందులైతే పదేళ్లు దాటొచ్చు. రకరకాల గ్యాప్‌లతో చేసి చూసి, ఒక్కదాంట్లోనే రిజల్ట్ వచ్చి మిగతా వాటిలో మాయమైతే దాన్ని నమ్మకండి, అన్నీ ట్రై చేసి వచ్చినదాన్నే రిపోర్ట్ చెయ్యడం అస్సలు చెయ్యకండి.

ఇక తలకిందుల సమస్య. బాగా నడిచే సంస్థ దగ్గర డబ్బు, టైం ఉంటాయి, కన్సల్టెంట్లని పెట్టి అందమైన మిషన్ రాయించుకుంటుంది, అప్పుడు మిషన్ వల్ల పనితీరా, పనితీరు వల్ల మిషనా? దీనికి పూర్తి మందు లేదు, కానీ మిషన్ మారిన తేదీకి ముందు ఫలితాలు ఏ దిక్కులో ఉన్నాయో చూస్తే సగం తెలుస్తుంది. మార్పుకి ముందే గ్రాఫ్ పైకి ఎక్కుతుంటే క్రెడిట్ వాక్యానికి ఇవ్వకండి. కొత్త సీఈవో, కొత్త మిషన్ ఒకేసారి వచ్చుంటే రెండిటినీ విడదీయడం ఇంకా కష్టం, ఆ మాట రిపోర్ట్‌లో దాచకుండా రాసెయ్యండి.

ఎంత పెద్ద రిజల్ట్ ఆశించాలి అంటే, కొంచెమే. 2011లో డెస్మిట్, ఆయన సహ రచయితలు అప్పటిదాకా వచ్చిన 14 స్టడీల్ని కలిపి మెటా అనాలిసిస్ చేస్తే మిషన్ స్టేట్‌మెంట్లకీ ఆర్థిక పనితీరుకీ మధ్య పాజిటివ్ సంబంధమే వచ్చింది గానీ చిన్నది. మీకు కొండంత ప్రభావం కనపడితే ముందు సంతోషపడకుండా డేటాలో తప్పెక్కడుందో వెతకండి.

8. లింకు తెగిందని తేలితే

వెంటనే కొత్త వాక్యం రాయడానికి కూర్చోకండి. ముందు షీట్ ప్రకారం తెగింది ఎక్కడో చూడండి. వాక్యం స్పష్టంగానే ఉండి ప్రాజెక్టులు వేరే దారిన పోతుంటే, రిపేరు చెయ్యాల్సింది ప్రాజెక్ట్ సెలెక్షన్ కమిటీ ఫారాన్ని. అందులో ఒక్క ప్రశ్న చేర్చండి: "ఇది మిషన్‌లో ఏ ముక్కకి, ఎలా?" దాని కింద రెండు లైన్లే ఖాళీ ఇవ్వండి, పేజీ ఇస్తే కథలు రాస్తారు. ప్రాజెక్టులన్నీ ఒక దిక్కున బాగా నడుస్తూ వాక్యమే పాతబడి ఉంటే అప్పుడు వాక్యం మార్చండి, అది కూడా ల్యాబ్ వాళ్లని కూర్చోబెట్టుకుని. బోర్డ్‌రూమ్‌లో రాసి ఈమెయిల్‌లో పంపిన మిషన్ మీద ఎవరికీ సొంతమనే ఫీలింగ్ రాదు.

రాసేటప్పుడు ఒక టెస్టు పెట్టుకోండి, మీ పోటీ సంస్థ పేరు అందులో పెట్టి చదవండి. వాళ్లకీ అచ్చం సరిపోతే ఇంకా పని మిగిలే ఉంది. అలాగని మరీ ఇరుకుగా, ఫలానా మెషీన్, ఫలానా మెటీరియల్ అని రాస్తే రేపు కొత్త టెక్నాలజీ వచ్చినప్పుడు మీ చేతులు మీరే కట్టేసుకున్నట్టు. "ప్రతి డెస్క్ మీద, ప్రతి ఇంట్లో ఒక కంప్యూటర్" అని మైక్రోసాఫ్ట్ మొదట్లో చెప్పుకున్న మాట చాలా కాలం దారి చూపించింది, కానీ రోజులు మారాక ఆ మాటలో చోటు చాల్లేదు, మార్చుకుంటూ వచ్చి 2015లో ఇంకో కొత్తది పెట్టుకున్నారు. సమస్యని గట్టిగా పట్టుకుని టూల్‌ని వదులుగా ఉంచడం నాకు బాగా నచ్చే పద్ధతి, పైన రాసిన జీన్ థెరపీ వాక్యంలో నేనైతే ఆ "జీన్ థెరపీ" అనే ముక్క తీసేస్తా.

మార్చిన రోజు తేదీ రాసి, అదే రోజు పాత షీట్ కాపీ ఒకటి తీసి కదపకుండా పక్కన పెట్టండి, తర్వాత పోల్చడానికి అదే బేస్‌లైన్. మొదటి ఏడాది పేటెంట్లు, పేపర్ల అంకెలు చూడకండి, చూడాల్సింది కొత్త ప్రపోజల్స్‌లో మిషన్ కాలమ్ ఎలా నిండుతోంది, కమిటీ ఎన్నిటిని ఆ కారణంతో తిరగ్గొట్టింది అనేవే. రెండో ఏడాది బడ్జెట్ వాటా చూడండి. పేటెంట్ల వైపు మూడో ఏడాది తర్వాతే తొంగి చూడండి, 18 నెలల గ్యాప్ సంగతి గుర్తుంది కదా, అప్పుడు కూడా చివరి ఏడాదిన్నర అంకెలు వదిలేసి మిగతావే లెక్కలోకి తీసుకోండి.